పాత బండి, పెట్రోలు ముల్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

ట్యాంకులో ఎంత ఉంది? ఉన్నదానితో ఎంత దూరం వెళ్లవచ్చు? ముల్లు చెప్పేది నిజమేనా? సెకండ్ హ్యాండ్ మోటారు సైకిలు కొన్నవాళ్లు ఈ మూడింటినీ ఒకే ప్రశ్నగా అడుగుతారు. మూడూ వేర్వేరు. ఒకదాని జవాబు తెచ్చి ఇంకొకదానికి అతికించుకున్న రోజే నడిరోడ్డు మీద బండి నెట్టాల్సి వస్తుంది. నేనూ నెట్టాను, ఆ కథ కింద ఉంది.

బండి నిన్ననే చేతికి వచ్చింది. పెట్రోలు విషయంలో ముందుగా ఏం చూడాలి?

ముల్లు వంక చూడకండి. ముందు ట్యాంకు మూత తీసి వాసన చూడండి. తాజా పెట్రోలు ఘాటుగా ముక్కుకు తగులుతుంది. నెలల తరబడి నిలవ ఉన్నదైతే పాత వార్నిష్ డబ్బా తెరిచినట్టు పుల్లగా, జిడ్డుగా కొడుతుంది. అలాంటి పెట్రోలు ఉంటే ట్యాంకులో తేలుతూ మట్టం చెప్పే ఫ్లోటు కూడా జిగురు పట్టి బిగుసుకుపోయి ఉండవచ్చు.

తర్వాత టార్చి వేసి లోపలి గోడలు చూడండి. ఇటుకపొడి రంగు కనిపిస్తే తుప్పు. ఆ పొడి ఫ్లోటు కీలులోనూ ట్యాపు జల్లెడలోనూ చేరి రెండు రకాల తలనొప్పులు తెస్తుంది. టార్చి అన్నాను, గుర్తుంచుకోండి. అగ్గిపుల్ల వెలుగులో ట్యాంకులోకి తొంగి చూడబోయిన మనిషిని నేను చేయి పట్టుకుని ఆపాను.

ఆ పైన పెట్రోలు ట్యాపు ఎటు తిరిగి ఉందో చూడండి. చాలా పాత బండ్లలో అది రిజర్వు మీదే, అంటే అడుగున మిగిలిన పెట్రోలును ఇచ్చే స్థానంలోనే, ఉంటుంది. పాత యజమాని ఎప్పుడో తిప్పి మరిచిపోయి ఉంటాడు. అలాగే నడిపితే మీకు హెచ్చరికే ఉండదు, పెట్రోలు అయిపోవడమే హెచ్చరిక. ట్యాపును ఆన్‌కు తిప్పండి, ట్యాంకు నింపించండి, ట్రిప్ మీటరును (సున్నా చేసి మళ్లీ మొదలుపెట్టగల చిన్న కిలోమీటర్ల లెక్కను) సున్నా చేయండి. ఇక అక్కడి నుంచి లెక్క మీది.

ముల్లు సగం దాకా మెల్లగా దిగుతుంది, సగం దాటాక జారిపోతుంది. గేజు పాడైనట్టా?

చాలావరకు కాదు. ట్యాంకు చదరపు డబ్బా కాదు. పైభాగం విశాలంగా ఉంటుంది. కింది భాగం ఫ్రేముకు దారివ్వడానికి గుర్రపు జీనులా రెండు పక్కలకు చీలి ఇరుకవుతుంది. అందుకే పైన ఒక అంగుళం లోతులో ఉండే పెట్రోలు కింద అదే అంగుళంలో ఉండదు. గేజుకు ఆ సంగతి తెలియదు. లోపల ఒక కడ్డీ చివర తేలే ఫ్లోటు ఉంటుంది. పెట్రోలు మట్టంతో పాటు అది లేచి దిగుతుంటే, కడ్డీ రెండో కొస ఒక రెసిస్టెన్సు పట్టీ మీద రాసుకుంటూ కదులుతుంది. మీటరు చదివేది ఆ రెసిస్టెన్సును మాత్రమే. అంటే అది కొలిచేది ఎత్తును. మనం దాన్ని లీటర్లుగా చదువుతాం.

నా బండి ట్యాంకు 13 లీటర్లది. ఒకసారి పూర్తిగా ఖాళీ చేసి, లీటరు చొప్పున పోస్తూ ముల్లును చూశాను. మొదటి 2 లీటర్లకు అది కదలనే లేదు. 6 లీటర్లకు సగానికి వచ్చింది. పదిన్నరకే నిండినట్టు చూపించింది. మిగతా రెండున్నర లీటర్లు పోస్తున్నంతసేపూ అక్కడే నిలబడింది, ఎందుకంటే ఫ్లోటు అప్పటికే ట్యాంకు పైకప్పుకు తగిలి ఉంది.

ఇప్పుడు దీన్ని దూరంలోకి మార్చి చూడండి. లీటరుకు 45 కిలోమీటర్లు అనుకుంటే, నింపిన తర్వాత మొదటి 112 కిలోమీటర్లు ముల్లు చెక్కుచెదరదు. నిండు గీత నుంచి సగానికి రావడానికి ఇంకో 200. అంటే 'పై సగం' 310 కిలోమీటర్ల పైచిలుకు. సగం నుంచి ఖాళీ గీతకు 180 మాత్రమే. ఖాళీ గీత తర్వాత కూడా 2 లీటర్లు ఉన్నాయి కాబట్టి కాగితం మీద మరో 90. గేజు ఒక్క అబద్ధమూ ఆడలేదు. సగం గీతను సగం ట్యాంకుగా చదివింది నేనే.

అలాంటి లెక్క నా బండికి తీసుకోవాలంటే ఎలా?

ఆరుబయట, ఇంజను పూర్తిగా చల్లారాక, చుట్టుపక్కల నిప్పు గానీ పొగతాగేవాళ్లు గానీ లేనిచోట చేయాలి. పెట్రోలు కోసమే చేసిన డబ్బా వాడండి. తాగునీటి సీసాలు వద్దు. ట్యాంకును డబ్బాలోకి ఖాళీ చేసి, బండిని నిటారుగా నిలబెట్టి, కొలత పాత్రతో లీటరు చొప్పున పోయండి. ప్రతి లీటరు తర్వాత బండిని కాస్త ఊపి, ఒకటి రెండు నిమిషాలు ఆగి ముల్లును చదవండి. తొందర పడితే తప్పు అంకె వస్తుంది, ఎందుకంటే రోడ్డు కుదుపులకు ముల్లు ఎగిరిపడకుండా చాలా మీటర్లను కావాలనే మందకొడిగా తయారుచేస్తారు. పోసేటప్పుడు తాళంచెవి ఆఫ్‌లో ఉండాలి, చదివేటప్పుడే ఆన్ చేయాలి.

ఇంత శ్రమ వద్దనుకుంటే ఇంకో దారి ఉంది. నాలుగైదు సార్లు నింపించేటప్పుడు ముల్లు ఎక్కడ ఉందో, ఎన్ని లీటర్లు పట్టిందో ఒక చీటీ మీద రాసుకోండి. నెల తిరిగేసరికి అదే పట్టిక మీ చేతిలో ఉంటుంది.

సైడ్ స్టాండ్ మీద ఒక లెక్క, నిలబెడితే ఇంకో లెక్క చూపిస్తోంది. ఏది నిజం?

నిలబెట్టినది. వాలితే పెట్రోలు ఒక పక్కకు పోతుంది, ఫ్లోటు ఏ పక్కన ఉంటే దాన్నిబట్టి ఎక్కువో తక్కువో చూపిస్తుంది. నిటారైన ఎత్తు ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు ముల్లు మారడం కూడా ఇంతే.

ముల్లు ఎప్పుడూ ఖాళీ దగ్గరే పడి ఉంటోంది. ఫ్లోటు పోయిందా, మీటరు పోయిందా?

మూడు చోట్ల తప్పు ఉండవచ్చు: ట్యాంకులోని యూనిట్ (ఫ్లోటు, కడ్డీ, రెసిస్టెన్సు పట్టీ కలిసిన భాగం), మధ్యలో వైరు, పైన మీటరు. కొత్త మీటరు కొనే ముందు ట్యాంకు కింద ఉన్న కనెక్టరును చూడండి. బురద, తేమ చేరి పిన్నులు పచ్చగా చిలుము పట్టడం పాత బండ్లలో సర్వసాధారణం. ఊడదీసి శుభ్రం చేసి మళ్లీ బిగిస్తే ఎన్నో గేజులు బతికాయి.

కనెక్టరు ఊడదీసి ఉన్నప్పుడే తాళంచెవి ఆన్‌కు తిప్పి చూడండి. ముల్లు ఉన్నచోటు వదిలి రెండో కొసకు వెళ్తే మీటరు, వైరు బాగున్నట్టే, నేరం ట్యాంకులోని యూనిట్‌ది. కదలకపోతే మాత్రం వెంటనే మీటరును నిందించవద్దు. కనెక్టరు తెగితే ముల్లు ఖాళీకి పోయే బండ్లు ఉన్నాయి, నిండుకు పోయేవీ ఉన్నాయి. మొదటి రకంలో ముల్లు ముందే ఖాళీ దగ్గర ఉంటే ఈ పరీక్ష మీకేమీ చెప్పదు. అప్పుడు మల్టీమీటరు (వోల్టేజీ, రెసిస్టెన్సు కొలిచే చిన్న పరికరం) పట్టుకోవాల్సిందే.

ఫ్లోటు విషయానికొస్తే, లోపల డొల్లగా ఉండే రకానికి సన్నటి పగులు వస్తే పెట్రోలు లోపలికి చేరి మునిగిపోతుంది. బయటికి తీసి చెవి దగ్గర ఊపండి. లోపల గుళగుళమంటే ఇక వెతకనక్కరలేదు.

ఎప్పుడూ నిండుగా చూపించే ముల్లుకు కారణాలు దీనికి అద్దం లాంటివి: పైన ఇరుక్కున్న కడ్డీ, లేదా, కొన్ని బండ్లలో, ఎక్కడో ఫ్రేముకు రాసుకుని తోలు ఊడిన వైరు. ఇది ఖాళీ చూపించే గేజు కంటే ప్రమాదకరం. ఖాళీ చూపించేది మిమ్మల్ని బంకుకు పంపుతుంది, నిండు చూపించేది నిర్మానుష్యమైన దారికి పంపుతుంది.

ముల్లు ఒకే చోట, సగం దగ్గర, పిచ్చిపట్టినట్టు ఎగురుతోంది. మిగతా చోట్ల బాగానే ఉంది.

రెసిస్టెన్సు పట్టీ అక్కడ అరిగింది. ఎప్పుడూ కాస్త పెట్రోలే పోయించుకుంటూ తిప్పిన బండిలో ఫ్లోటు అదే మేరలో సంవత్సరాలు ఆడి ఆ భాగాన్ని అరగదీస్తుంది. పాత యజమాని అలవాటు అలా లోపల గీతగా మిగిలిపోతుంది.

ఇండికేటరు వేసినప్పుడల్లా పెట్రోలు ముల్లు కూడా తాళం వేస్తోంది!

నాకు ఇష్టమైన లోపం ఇది. ఒక రాత్రి మలుపు తిరగడానికి ఇండికేటరు వేస్తే, దీపం వెలిగినప్పుడల్లా ముల్లు గోరంత కిందికి, ఆరినప్పుడల్లా పైకి. బ్రేకు నొక్కితే మరో గోరంత. ఇంటికి వచ్చేదాకా ఆ ఆట చూస్తూనే ఉన్నాను. పెట్రోలుకూ ఇండికేటరుకూ ఏ సంబంధమూ లేదు, రెండింటికీ ఉమ్మడిగా ఉన్నది ఎర్తు (కరెంటు తిరిగి బ్యాటరీకి చేరే దారి) మాత్రమే. ఎర్తు బిగింపు దగ్గర తుప్పు పడితే అక్కడ చిన్న రెసిస్టెన్సు పుడుతుంది. దీపం లాగే కరెంటు దాని గుండా పోయినప్పుడల్లా వోల్టేజీ కాస్త మారుతుంది, మీటరు దాన్ని పెట్రోలు మార్పుగా చదువుతుంది. ఎర్తు బోల్టు విప్పి, గరుకు కాగితంతో లోహం మెరిసేదాకా రుద్ది, గట్టిగా బిగించాను. పది నిమిషాల పని. పాత యజమాని అప్పటికే రెండు ఫ్లోటులు మార్పించాడని తర్వాత తెలిసింది.

ట్యాంకులోని యూనిట్‌ను ఇంట్లో పరీక్షించుకోవచ్చా?

చేతికి పని అలవాటు ఉంటే చేయవచ్చు. పెట్రోలు తీసేసి, బ్యాటరీ నెగటివ్ వైరు విప్పి, యూనిట్‌ను బయటికి తీయండి. తీసేటప్పుడు తిప్పి వంచి రావాల్సి ఉంటుంది. బలవంతంగా లాగితే కడ్డీ వంగుతుంది, వంగిన కడ్డీ జీవితాంతం తప్పు లెక్క చెబుతుంది. మల్టీమీటరును ఓమ్స్‌లో (రెసిస్టెన్సు కొలతలో) పెట్టి రెండు పిన్నులకు తగిలించి, కడ్డీని కింది నుంచి పైకి మెల్లగా కదపండి. అంకె తెగకుండా, గెంతకుండా సాఫీగా మారాలి. మధ్యలో ఎక్కడైనా మీటరు ఏమీ చూపకుండా పోతే అక్కడ పట్టీ తెగినట్టు. నిండినప్పుడు ఎక్కువ ఓమ్స్ చూపే బండ్లూ ఉన్నాయి, తక్కువ చూపేవీ ఉన్నాయి. ఎంత ఉండాలో మీ మోడలు సర్వీసు పుస్తకంలో ఉంటుంది, పక్క బండి అంకెతో పోల్చవద్దు.

అంకెల మీటరులో గడులన్నీ ఒకేసారి వెలిగి ఆరుతున్నాయి.

చాలా మోడళ్లలో అది పెట్రోలు గురించి చెప్పడం కాదు, యూనిట్ నుంచి సంకేతం రావడం లేదని మీటరు మొరపెట్టుకోవడం. కనెక్టరుతో మొదలుపెట్టండి.

పెట్రోలు తక్కువైనప్పుడు వెలిగే దీపం ఒకసారి వెలిగి మళ్లీ ఆరిపోతుంది. దాన్ని లెక్కలోకి తీసుకోవాలా?

తీసుకోండి. ముల్లు కంటే దాన్నే నేను ఎక్కువ నమ్ముతాను. చాలా బండ్లలో ఈ దీపానికి ఫ్లోటుతో పని లేదు. ట్యాంకు అడుగున థర్మిస్టర్ అనే చిన్న పూస ఉంటుంది. పెట్రోలులో మునిగినంతసేపూ చల్లగా ఉండి కరెంటును అడ్డుకుంటుంది. మట్టం దిగి అది బయటపడితే తన గుండా పోయే కరెంటుకే వేడెక్కుతుంది, రెసిస్టెన్సు పడిపోతుంది, దీపం వెలుగుతుంది. వేడెక్కడానికి కాస్త సమయం పడుతుంది. మలుపులోనో బ్రేకు వేసినప్పుడో పెట్రోలు ఒక అల వచ్చి దాన్ని తడిపితే మళ్లీ చల్లారుతుంది. అందుకే మొదట్లో వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. కొంత దూరం పోయాక స్థిరపడుతుంది.

దీపం వెలిగాక ఎంత మిగిలిందో తెలుసుకోవడం తేలిక. అది స్థిరంగా వెలిగిన వెంటనే బంకుకు వెళ్లి నింపించండి. ట్యాంకు సామర్థ్యంలోంచి పట్టిన లీటర్లు తీసేస్తే మిగిలింది మీ నిల్వ. ఒక్క జాగ్రత్త: తాళంచెవి తిప్పగానే చాలా బండ్లలో ఈ దీపం ఒక్క క్షణం వెలుగుతుంది. మీ బండి అలాంటిదై ఉండి వెలగకపోతే బల్బు పోయిందన్నమాట. పాత బండి కొనేటప్పుడు చాలామంది ఇది చూడరు.

రిజర్వుకు తిప్పాను, అయినా బండి కదలలేదు. రిజర్వు అంటే వేరే ట్యాంకు కాదా?

కాదు. ఉన్నది ఒకటే ట్యాంకు. ట్యాపు నుంచి లోపలికి ఒక సన్నటి గొట్టం నిలువుగా లేచి ఉంటుంది. ఆన్‌లో పెట్రోలు ఆ గొట్టం పైకొస నుంచి వస్తుంది. మట్టం దానికంటే కిందికి దిగితే ధార ఆగుతుంది, ఇంజను ముక్కుతుంది. రిజర్వుకు తిప్పితే అడుగున ఉన్న రంధ్రం తెరుచుకుంటుంది, గొట్టం ఎత్తు మేర మిగిలిన పెట్రోలు అందుతుంది. అంతే మర్మం.

పాత బండ్లలో ఆ గొట్టం విరిగి, లేదా వదులై ట్యాంకులో రాలిపోతుంది. అప్పుడు ఆన్, రిజర్వు రెండూ ఒకే అడుగు నుంచి తాగుతాయి. ముల్లు లేని బండిలో ఆ గొట్టాన్ని నమ్ముకోవడం నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైన సామెతే. నేను విప్పిన ఒక ట్యాపులో గొట్టం ఉండాల్సిన చోట గుండ్రటి గుంట మాత్రమే ఉంది. ట్యాంకును బోర్లించి ఊపితే గొట్టం ముక్క టకటకమంటూ వచ్చి చేతిలో పడింది. ఇంకో రకం ఉంది: పాత ట్యాపు కారుతుంటే ఏదో బండి ట్యాపు తెచ్చి బిగిస్తారు, దాని గొట్టం పొట్టిగా ఉంటుంది. రిజర్వు ఉంటుంది గానీ బంకు దాకా రాదు.

పరీక్షించాలంటే పెట్రోలు డబ్బా వెంట పెట్టుకుని, ఇంటి దగ్గరే తిరుగుతూ ఆన్‌లో ఆగేదాకా నడపండి. రిజర్వుకు తిప్పి ఎంత దూరం వస్తుందో చూడండి. నింపాక ట్యాపును మళ్లీ ఆన్‌కు తిప్పడం మాత్రం మరవద్దు.

సగం ట్యాంకు ఉండగానే పెట్రోలు అయిపోయినట్టు ఆగిపోతోంది. కాసేపు ఆగితే మళ్లీ నడుస్తుంది.

మూత తెరవండి. 'స్స్' అని గాలి లోపలికి పీల్చుకుంటే దొంగ దొరికినట్టే.

ట్యాంకులోంచి పెట్రోలు వెళ్లేకొద్దీ ఆ చోటులోకి గాలి రావాలి. ఆ దారి సాధారణంగా మూతలో ఉండే సన్నటి రంధ్రం. దుమ్ము, తుప్పు, కడిగేటప్పుడు చేరిన మట్టి దాన్ని మూసేస్తే లోపల గాలి పలచబడి పెట్రోలు దిగడం ఆగిపోతుంది. బండి ఆగాక ఎక్కడో ఒక సందు గుండా మెల్లగా గాలి చేరుతుంది కాబట్టి పావుగంటకు మళ్లీ నడుస్తుంది. నేను కొన్న కొత్తలో మూడు కిలోమీటర్లు నెట్టింది ఇందుకే. ముల్లు సగం చూపిస్తోంది, బండి ఆగింది, గేజు అబద్ధాలాడుతోందని తిట్టుకుంటూ బంకు దాకా నెట్టుకెళ్లాను. బంకులో మూత తీస్తే ట్యాంకు నిట్టూర్చింది. లోపల నిజంగానే సగం ఉంది. ఆ రోజు నిజం చెప్పింది ముల్లు ఒక్కటే, నేనే నమ్మలేదు.

కొన్ని మోడళ్లలో గాలి మూతలోంచి కాక ట్యాంకు కిందికి దిగే గొట్టంలోంచి వస్తుంది. మెకానిక్కు ట్యాంకు తీసి తిరిగి పెట్టేటప్పుడు ఆ గొట్టం నలిగితే ఇదే జబ్బు. 'సర్వీసింగు చేయించినప్పటి నుంచే' అని ఎవరైనా అంటే నేను ముందు అక్కడే చూస్తాను.

ఊపితే ట్యాంకులో గలగలమంటోంది, కానీ ఇంజనుకు అందడం లేదు.

జీను ఆకారం వల్ల ట్యాపు లేని పక్క కొంత పెట్రోలు చిక్కుకుని ఉంటుంది. ఇంజను ఆపి, మూత గట్టిగా బిగించి, బండిని ట్యాపు ఉన్న పక్కకు బాగా వంచండి. పెట్రోలు మధ్యలోని గట్టు దాటి ఇవతలికి వస్తుంది. ఒకటి రెండు కిలోమీటర్లకు సరిపోవచ్చు. బండి బరువును మీ బలంతో పోల్చుకున్నాకే వంచండి.

13 లీటర్ల ట్యాంకులో 13 లీటర్లూ వాడుకోవచ్చా?

లేదు. అడుగున పంపు గానీ ట్యాపు గానీ అందుకోలేని కొంత మిగిలిపోతుంది. అటు పైన మెడ దాకా నింపకూడదు. పెట్రోలు 10 డిగ్రీల వేడికి సుమారు ఒక శాతం ఉబ్బుతుంది. భూగర్భ ట్యాంకులోంచి చల్లగా వచ్చినది ఎండలో నిలబడితే ఆ ఖాళీ అవసరం. ఆవిరిని పట్టే కర్బన డబ్బా ఉన్న బండ్లలో అంచు దాకా నింపితే ద్రవ పెట్రోలు అందులోకి చేరి దాన్ని పాడుచేస్తుంది. పాత ట్యాంకుకు సొట్టలు, తుప్పుకు పూసిన లోపలి పూత ఉంటే సామర్థ్యం ఇంకాస్త తగ్గుతుంది.

మైలేజీని సరిగా లెక్కించడం ఎలా?

నింపడం, నడపడం, మళ్లీ అదే గుర్తు దాకా నింపడం, కిలోమీటర్లను రెండోసారి పట్టిన లీటర్లతో భాగించడం. పద్ధతి అందరికీ తెలుసు, తప్పు జరిగేది 'అదే గుర్తు' దగ్గర. 240 కిలోమీటర్లకు 5.4 లీటర్లు పడితే 44.4 వస్తుంది. కానీ బండి వాలినందువల్లో, బంకు తుపాకి ముందే ఆగినందువల్లో 0.4 లీటరు తేడా వస్తే అదే బండి 41 అయినా చూపిస్తుంది, 48 అయినా చూపిస్తుంది. ఒక్క నింపుడుతో సంబరపడినవాళ్లు, దిగులుపడినవాళ్లు ఈ కాకిలెక్క బాధితులే. మూడుసార్లు కలిపి చూడండి. 700 కిలోమీటర్లకు 15.9 లీటర్లయితే 44. అదే 0.4 లీటరు తేడా ఇక్కడ 43కీ 45కీ మధ్యే ఆడుతుంది. ప్రతిసారీ బండి నిటారుగా ఉండాలి.

కిలోమీటర్ల మీటరే తప్పయితే?

పాత బండిలో ఆ అనుమానం న్యాయమైనదే. ముందు చక్రం నుంచి కేబులు వచ్చే బండిలో వేరే కొలత టైరు వేస్తే లెక్క మారుతుంది. గేరుబాక్సు దగ్గర సెన్సరు ఉన్న బండిలో స్ప్రాకెట్ (చైను తిరిగే పళ్ల చక్రం) మార్చినా, వెనక టైరు మార్చినా మారుతుంది. ఉదాహరణకు ముందు స్ప్రాకెట్‌ను 14 పళ్ల నుంచి 15కు మార్చి ఉంటే, నిజంగా 100 కిలోమీటర్లు తిరిగితే మీటరు 93 చూపిస్తుంది. మీరు మైలేజీ పడిపోయిందని కార్బొరేటర్ విప్పిస్తారు. ఫోనులో జీపీఎస్ పెట్టి ఒక 50 కిలోమీటర్లు పోల్చి చూస్తే తేలిపోతుంది.

అమ్మినవాళ్లు చెప్పిన మైలేజీ నాకు రావడం లేదు.

అమ్మేవాళ్లు చెప్పే అంకె ఆ బండి తన జీవితంలో ఇచ్చిన అత్యుత్తమ రోజుది. ముందు ఖర్చు లేనివి చూడండి. టైర్లలో గాలి. సెంటర్ స్టాండ్ వేసి వెనక చక్రం చేత్తో తిప్పితే తేలిగ్గా తిరగాలి, వెంటనే ఆగితే బ్రేకు పట్టుకుంటోంది లేదా చైను బిగుసుగా ఉంది. నడిపాక చక్రం మధ్యభాగం చేయి పెట్టలేనంత వేడిగా ఉంటే అదే సాక్ష్యం.

ఆ తర్వాత స్పార్క్ ప్లగ్గు విప్పండి. కొస లేత గోధుమ రంగులో ఉంటే మిశ్రమం సరిగా ఉంది. మసిబొగ్గులా పొడిగా నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ వెళ్తోంది. కార్బొరేటర్ బండిలో పూర్తిగా వెనక్కి రాని చోక్, మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టరు, అరిగిన సూది చూడాలి. ఇంజెక్షన్ బండిలో (కార్బొరేటర్ బదులు కంప్యూటర్ లెక్కతో పెట్రోలు చిమ్మే రకం) ఇంజను వేడిని చెప్పే సెన్సరు తప్పు చెబితే, ఇంజను ఇంకా చల్లగానే ఉందనుకుని కంప్యూటర్ అదనంగా పెట్రోలు పోస్తూనే ఉంటుంది. ఆక్సిజన్ సెన్సరు చెడినా అంతే.

మీ చేతినీ చూసుకోండి. గాలి అడ్డు వేగం వర్గంతో పెరుగుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఉన్నదానికంటే 90లో రెండుంపావు రెట్లు. మీకు బండి అమ్మినాయన 45 వేగంలో వెళ్లేవాడేమో.

పెట్రోలులో ఇథనాల్ ఎంత కలిసిందన్నది కూడా లెక్కే. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో ఉండేదానిలో సుమారు మూడింట రెండు వంతులు. 20 శాతం కలిస్తే లీటరుకు 6 నుంచి 7 శాతం శక్తి తగ్గుతుంది. ఆ మేర తగ్గుదలకు మెకానిక్కు దగ్గర మందు లేదు. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, దానికి తగ్గట్టు చేయని పాత రబ్బరు గొట్టాలను ఉబ్బించి పగలగొడుతుంది. అందుకే పాత బండిలో గొట్టాలు మార్చడం వాయిదా వేయవద్దు.

బండి కదలకపోయినా పెట్రోలు తగ్గుతోంది. కింద మరకలు లేవు.

ఇంజన్ ఆయిల్ మట్టం చూడండి. పెరిగి ఉండి, పలచగా, పెట్రోలు వాసన వేస్తుంటే బండి స్టార్టు చేయకండి. కార్బొరేటర్‌లో ఉండే వేరే చిన్న ఫ్లోటు తాలూకు సూది సరిగా మూసుకోక పెట్రోలు సిలిండరులోకి, అక్కడి నుంచి ఆయిల్‌లోకి దిగుతోంది. సిలిండరు నిండా ద్రవం ఉండగా కిక్కు కొడితే, సెల్ఫ్ నొక్కితే కనెక్టింగ్ రాడ్డు వంగే ప్రమాదం ఉంది. ప్లగ్గు తీసి సిలిండరు ఖాళీ చేసి, సూది మార్చి, ఆయిల్ మార్చాకే స్టార్టు చేయాలి. చేత్తో తిప్పే ట్యాపు ఉంటే రాత్రిళ్లు ఆఫ్ చేయడం అలవాటు చేసుకోండి. ఇంజను పీల్పుతో తెరుచుకునే వాక్యూమ్ ట్యాపు ఉంటే, దాని సన్నగొట్టం ఊడదీసి చూడండి. లోపల తడిగా ఉంటే పొర చిరిగింది, పెట్రోలు ఆ దారిన నేరుగా ఇంజనులోకి పోతోంది.

తెర మీద 'ఇంకా ఇన్ని కిలోమీటర్లు' అని వస్తుంది. నమ్మవచ్చా?

అది మీరు ఇటీవల నడిపిన తీరును, ఫ్లోటు చెప్పిన మట్టాన్ని గుణించి చెప్పే జోస్యం. ఫ్లోటు తప్పయితే అదీ తప్పే. పల్లంలో దిగుతుంటే పెరుగుతుంది, ఎత్తు ఎక్కుతుంటే కరిగిపోతుంది.

అడుగంటా నడిపితే మడ్డి ఇంజనులోకి పోతుందా?

మడ్డి మాట పూర్తిగా నిజం కాదు. ఇంజెక్షన్ పంపు ఎప్పుడూ అడుగు నుంచే తాగుతుంది, నిండుగా ఉన్నా అంతే. అసలు భయం వేరు. ట్యాంకులో ఉండే పంపును చల్లబరిచేదీ దానికి నూనెలా పనిచేసేదీ పెట్రోలే. పదే పదే పొడిగా తిప్పితే పంపు ఆయుష్షు తగ్గుతుంది. కార్బొరేటర్ బండికి ఆ బాధ లేదు.

గేజు బాగు చేయించాలా, ట్రిప్ మీటరుతో సరిపెట్టుకోవాలా?

ట్రిప్ మీటరు పనిచేస్తుంటే, నడిపేది మీరొక్కరే అయితే సరిపెట్టుకోవచ్చు. నేను రెండేళ్లు అలాగే తిరిగాను. ఇంట్లో ఇంకొకరు కూడా నడిపితే మాత్రం బాగు చేయించండి. వాళ్లు మీ ట్రిప్ మీటరును సున్నా చేస్తారు, లేదా పావు ట్యాంకు పోయించి మీకు చెప్పరు.

యూనిట్ మార్పిస్తే దానితో పాటు కొత్త రబ్బరు వాషరు అడగండి. పాతది పెట్రోలులో నాని ఉబ్బి ఉంటుంది, తిరిగి అదే గాడిలో కూర్చోదు. యూనిట్ ట్యాంకు కింది వైపు నుంచి బిగించే రకమైతే వెంటనే నిండా పోయించవద్దు. రెండు లీటర్లు పోసి, గాలి ఆడే చోట నిలబెట్టి, కింద పాత న్యూస్‌పేపరు పరిచి రాత్రంతా వదిలేయండి. పెట్రోలు ఆరిపోయినా కాగితం మీద దాని అంచు గీత మిగిలే ఉంటుంది. పొద్దున కాగితం శుభ్రంగా ఉంటే బంకుకు వెళ్లండి.